అన్నీ తెలిసీ మూడుసార్లు మునిగిన మనిషి

ఈ మధ్య మన తెలుగువాళ్ళ పార్టీల్లో పులిహోర కంటే ముందు వడ్డించేది ఫెడ్ వడ్డీ రేటు. పళ్ళెం చేతిలోకి రాకముందే ఎవరో ఒకరు మొదలుపెడతారు. వచ్చే మీటింగులో పావు శాతం తగ్గిస్తారని ఒకరంటే, తగ్గిస్తే మాత్రం ఏం లాభం, మార్కెట్ దాన్ని ఎప్పుడో లెక్కలో వేసేసుకుందని ఇంకొకరు. ఇల్లు రీఫైనాన్స్ చెయ్యాల్సినవాళ్ళు ఒక పక్క, హైదరాబాదులో ఫ్లాటు కొనాల్సినవాళ్ళు ఇంకో పక్క. పెరుగన్నం దగ్గరికొచ్చేసరికి అందరం ఆర్థికవేత్తలమే.

నేనూ ఆ బాపతే. పైగా ఇంజనీర్ని. ఏ సిస్టమ్ అయినా ఇన్‌పుట్ తెలిస్తే ఔట్‌పుట్ చెప్పొచ్చని కాలేజీలో నేర్చుకున్నాను, ఉద్యోగంలో అదే పని చేస్తున్నాను. అందుకని ఫెడ్ మీటింగుల తేదీలు, నిరుద్యోగం, ద్రవ్యోల్బణం, పదేళ్ళ బాండు మీద వడ్డీ, అన్నీ తెచ్చి ఒక ప్రోగ్రాంలో పోసి, ప్రతి ఆదివారం రాత్రి నడిపేవాణ్ణి. 2020 మార్చిలో కోవిడ్ భయంతో అమెరికా మార్కెట్ అయిదు వారాల్లో మూడో వంతు పడిపోయింది. మార్చి 15న ఫెడ్ వడ్డీని దాదాపు సున్నాకి దించింది. అంత కంగారుగా దించారంటే లోపల ఇంకెంత ప్రమాదం ఉందో అని నా ప్రోగ్రాం చెప్పింది, నేను నమ్మాను. ఆ వారంలోనే ఉన్నవన్నీ అమ్మేశాను. మార్చి 23న మార్కెట్ అడుగు తాకింది. ఆగస్టుకి పాత ఎత్తుకి వచ్చేసింది. నేను మాత్రం రెండో పతనం కోసం ఎదురుచూస్తూ ఒడ్డునే కూర్చున్నాను. ఓర్పు నశించి 2021 చివర్లో టెక్నాలజీ షేర్లు కొన్నాను. 2022లో ఫెడ్ వడ్డీలు పెంచడం మొదలుపెట్టింది. నాస్‌డాక్ ఆ ఏడాది మూడో వంతు పోయింది.

అది మా అమ్మాయి కాలేజీ కోసం పక్కన పెట్టిన డబ్బు. ఎంత పోయిందో ఇక్కడ రాయను. మా ఆవిడకి చెప్పడానికే నాకు ఎనిమిది నెలలు పట్టింది.

ఆ మరుసటి ఏడాది ఆకుల రంగులు చూడ్డానికి న్యూ హాంప్‌షైర్ వెళ్ళాం. వైట్ మౌంటెన్స్ కొండల మధ్య బ్రెటన్ వుడ్స్ అనే చోట మౌంట్ వాషింగ్టన్ అని తెల్ల గోడలు, ఎర్ర కప్పు ఉన్న పెద్ద హోటల్ ఉంది. 1944 జులైలో 44 దేశాల ప్రతినిధులు మూడు వారాలు అక్కడే కూర్చుని ఐఎంఎఫ్‌కీ, ప్రపంచ బ్యాంకుకీ పునాది వేశారు. ఆ కథ మావాళ్ళకి చెబుతూ, ఇంగ్లండ్ తరఫున వచ్చిన జాన్ మేనార్డ్ కీన్స్ పేరెత్తాను. కేంద్ర బ్యాంకులు, వడ్డీలు, మాంద్యాల గురించి ఇరవయ్యో శతాబ్దంలో ఆయనంత ప్రభావం చూపించినవాళ్ళు అరుదని అన్నాను. అంత తెలిసినవాడు స్టాకుల్లో బాగా సంపాదించే ఉంటాడు కదా అని మా ఆవిడ అడిగింది. మామూలుగా అడిగిందో, నన్ను ఉద్దేశించి అడిగిందో ఇప్పటికీ తెలీదు. నా దగ్గర మాత్రం అప్పుడు జవాబు లేదు. ఇంటికొచ్చాక ఆ జవాబు కోసం చదవడం మొదలుపెట్టాను. ఈ వ్యాసం ఆ చదువు ఫలితమే.

ఆబోతులతో మొదలైన ఉద్యోగం

కీన్స్ 1883 జూన్ 5న కేంబ్రిడ్జిలో పుట్టాడు. తండ్రి అదే యూనివర్సిటీలో తర్కం, అర్థశాస్త్రం చెప్పిన పండితుడు. తల్లి సంఘసేవకురాలు, తర్వాత ఆ ఊరికి మేయర్ అయింది. ఈటన్ స్కూల్లో స్కాలర్‌షిప్పుతో చదివి, 1902లో కింగ్స్ కాలేజీలో లెక్కల్లో చేరాడు. 1905 పరీక్షల్లో పన్నెండో స్థానం. అంటే మనలాగే ఆయనా ముందు లెక్కల మనిషి.

1906లో సివిల్ సర్వీసు పరీక్ష రాస్తే రెండో ర్యాంకు వచ్చింది. మొదటి ర్యాంకు వచ్చిన ఆటో నీమెయర్ ఆర్థికశాఖ తీసుకున్నాడు. మిగిలినవాటిలో కీన్స్ ఇండియా ఆఫీసు ఎంచుకున్నాడు. లండన్‌లో కూర్చుని మన దేశాన్ని నడిపే ఆఫీసు అది. అక్కడ ఆయనకి అప్పగించిన మొదటి పనుల్లో ఒకటి, ఎయిర్‌షైర్ జాతి ఆబోతుల్ని పదింటిని బొంబాయికి ఓడలో పంపించడం. మార్కెట్ పైకి పోతుంటే బుల్ అంటాం కదా, ఈయన బుల్స్‌తో సంబంధం అలా మొదలైంది. రెండేళ్ళలో ఆ ఉద్యోగం విసుగొచ్చి 1908లో కేంబ్రిడ్జికి తిరిగి వచ్చేశాడు.

కానీ ఆ రెండేళ్ళలో రూపాయి లోతుపాతులు ఒంటబట్టాయి. ఆయన మొదటి పుస్తకం 1913లో వచ్చింది. దాని విషయం భారతదేశపు కరెన్సీ. అప్పట్లో రూపాయికి 16 పెన్నీలు అని రేటు నిలబెట్టేవాళ్ళు. ఊళ్ళో చలామణీకి వెండి రూపాయలు, నోట్లు, విదేశీ చెల్లింపులకి లండన్‌లో నిల్వలు. ఆ ఏర్పాటుని కీన్స్ సమర్థించాడు. పదేళ్ళ తర్వాత, 1923లో, డాక్టర్ అంబేడ్కర్ గారు రూపాయి సమస్య మీద తన పుస్తకంలో కీన్స్ వాదాన్ని గట్టిగా ఖండించారు. పాలకుల చేతిలో నోట్లు అచ్చువేసే స్వేచ్ఛ ఎక్కువైతే ధరలు పెరిగి బీదవాళ్ళకి దెబ్బ అన్నది అంబేడ్కర్ గారి వాదం.

అదే 1913లో భారత ద్రవ్య వ్యవహారాల మీద వేసిన రాయల్ కమిషన్‌లో కీన్స్‌ని సభ్యుడిగా వేశారు. అప్పటికి వయసు ముప్ఫై. భారతదేశానికి ఒక కేంద్ర బ్యాంకు ఎలా ఉండాలో ఎర్నెస్ట్ కేబుల్‌తో కలిసి ఒక ప్రణాళిక రాసిచ్చాడు. ఈలోగా మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి అది మూలపడింది. మన రిజర్వ్ బ్యాంకు 1935 ఏప్రిల్ 1న గానీ పని మొదలుపెట్టలేదు. ఇంతా చేసి, కీన్స్ జీవితంలో ఒక్కసారి కూడా భారతదేశంలో అడుగు పెట్టలేదు.

మొదటి మునక

యుద్ధకాలంలో బ్రిటిష్ ఆర్థికశాఖలో పనిచేసి, 1919లో వర్సై సంధి చర్చలకి వెళ్ళాడు. జర్మనీ మీద మోయలేని పరిహారం వేస్తున్నారని కోపం వచ్చి, రాజీనామా చేసి బయటికొచ్చాడు. ఆ ఏడాది చివర్లో ఆ సంధిని దుయ్యబడుతూ రాసిన పుస్తకం ఆయన్ని ప్రపంచ ప్రసిద్ధుణ్ణి చేసింది.

అప్పుడే కరెన్సీ వ్యాపారంలోకి దిగాడు. లెక్క చాలా తేలిక. ఫ్రాన్స్, జర్మనీ, ఇటలీ విపరీతంగా నోట్లు అచ్చువేస్తున్నాయి. కాబట్టి ఫ్రాంకు, మార్కు, లీరా పడిపోతాయి, డాలరు నిలుస్తుంది. వాటిని ముందే అమ్మి, డాలర్లు కొనే ఒప్పందాలు చేసుకున్నాడు. 1920 జనవరిలో స్నేహితుడు ఫాక్‌తో కలిసి ఒక సిండికేట్ కూడా పెట్టాడు. అందులో ఆయన స్నేహితుల డబ్బు, బంధువుల డబ్బు కూడా ఉంది. చేతిలోంచి పెట్టింది కొంచెం, ఒప్పందాల విలువ దానికి ఎన్నో రెట్లు. మనం మార్జిన్ అంటామే, అదే.

వసంతంలో జర్మనీ మీద ఉన్నట్టుండి నమ్మకం పుట్టుకొచ్చింది. ఫిబ్రవరిలో డాలరుకి సుమారు 100 ఉన్న మార్కు, వేసవి వచ్చేసరికి 40 దగ్గరికి బలపడింది. మే నెలాఖరుకి సిండికేట్ తుడిచిపెట్టుకుపోయింది. సొంత డబ్బుతోపాటు స్నేహితుల డబ్బూ పోయింది. ఎర్నెస్ట్ కాసెల్ అనే ధనవంతుడు 5,000 పౌండ్లు అప్పిస్తే ఊపిరి పీల్చుకున్నాడు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆ రోజుల్లో కీన్స్ బయట నుంచి ఊహాగానాలు చేస్తున్న మనిషి కాదు. వడ్డీలు గట్టిగా పెంచమని ఆర్థికమంత్రికి స్వయంగా సలహా ఇచ్చినవాడు. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ 1920 ఏప్రిల్‌లో రేటుని 7 శాతానికి పెంచింది కూడా. మార్కు విషయంలోనూ ఆయన చెప్పిందే చివరికి నిజమైంది. 1923 నవంబరుకి ఒక డాలరు కొనాలంటే 4 లక్షల 20 వేల కోట్ల మార్కులు కావాలి. దిశ సరిగ్గా చెప్పాడు, కాలం తప్పాడు. అప్పు మీద నిలబడ్డవాడికి కాలం తప్పితే దిశ ఒప్పయినా లాభం లేదు. ఇది చదివినప్పుడు నా 2020 మార్చి గుర్తొచ్చి కాసేపు పుస్తకం మూసేశాను.

ఆయన మాత్రం ఆగలేదు. అప్పు తీర్చాడు, స్నేహితుల బాకీ తీర్చాడు, రెండేళ్ళలో మళ్ళీ నిలదొక్కుకున్నాడు.

వడ్డీ మారితే కాగితం విలువ ఎందుకు మారుతుంది

ముందుకెళ్ళే ముందు చిన్న లెక్క. ఏటా 100 డాలర్లు, ఎప్పటికీ ఇస్తూనే ఉండే కాగితం ఒకటి ఉందనుకోండి. బయట వడ్డీ 5 శాతం ఉంటే ఆ కాగితానికి 2,000 డాలర్లు ఇవ్వొచ్చు, ఎందుకంటే 2,000 బ్యాంకులో వేసినా అదే 100 వస్తుంది. వడ్డీ 10 శాతం అయితే దాని విలువ 1,000. రెండున్నర శాతం అయితే 4,000. కాగితం మీద ఒక్క అక్షరం మారలేదు, విలువ మాత్రం నాలుగు రెట్లు అటూ ఇటూ ఊగింది. షేరు, బాండు, అద్దెకిచ్చే ఇల్లు అన్నీ లోపల ఇలాంటి కాగితాలే. కేంద్ర బ్యాంకు వడ్డీ రేటు ముట్టుకుంటే అన్ని మార్కెట్లూ ఉలిక్కిపడేది ఇందుకే. దీనికి తోడు, వడ్డీ పెరిగితే కంపెనీలు అప్పు తీసుకోవడం తగ్గిస్తాయి, జనం కొనడం తగ్గిస్తారు, లాభాలూ తగ్గుతాయి. అంటే ఒకే దెబ్బ రెండు చోట్ల తగులుతుంది.

ఈ లెక్క కీన్స్‌కి కొట్టినపిండి. 1924లో కింగ్స్ కాలేజీ ఆయన్ని ప్రధాన బర్సార్‌గా వేసింది, అంటే కాలేజీ ఖజానా మొత్తం ఆయన చేతిలో పెట్టింది. అందులో చెస్ట్ అనే నిధిని తనకి నచ్చినట్టు మదుపు చేసుకునే స్వేచ్ఛ ఉండేది. 1920లలో ఆయన పద్ధతి పేరు క్రెడిట్ సైక్లింగ్. వడ్డీలు ఎటు పోతున్నాయి, ధరలు ఎటు పోతున్నాయి, వ్యాపారం ఏ దశలో ఉంది అని చూసి, షేర్ల నుంచి బాండ్లకి, బాండ్ల నుంచి నగదుకి మారుతూ ఉండటం. నా ఆదివారం రాత్రి ప్రోగ్రాం చేసే పని కూడా ఇదే. తేడా ఏమిటంటే ఆయనకి ప్రోగ్రాం అక్కర్లేదు, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ పెద్దలంతా తెలిసినవాళ్ళే.

1925లో ఆర్థికమంత్రి చర్చిల్ పౌండుని మళ్ళీ బంగారంతో ముడిపెట్టాడు. యుద్ధానికి ముందున్న రేటే, పౌండుకి 4.86 డాలర్లు. ఆ రేటు నిలబెట్టాలంటే వడ్డీలు ఎక్కువగా ఉంచాలి, జీతాలు తగ్గించాలి, ఎగుమతులు దెబ్బతింటాయి అని కీన్స్ మొత్తుకున్నాడు. మరుసటి ఏడాదే బొగ్గు గనుల జీతాల గొడవ దేశవ్యాప్త సమ్మెగా మారింది. ఆ విశ్లేషణ తప్పని ఈరోజు వాదించేవాళ్ళు తక్కువ. కానీ అంత విశ్లేషణ చేసిన మనిషి నడిపిన నిధి మాత్రం ఆ రోజుల్లో లండన్ మార్కెట్ కంటే వెనకబడే ఉంది. ఆ 1925లోనే ఆయన లిడియా లొపొకోవా అనే రష్యన్ బాలే నర్తకిని పెళ్ళి చేసుకున్నాడు. అంత తెలివైనవాడు ఒక నాట్యకత్తెని చేసుకోవడమేమిటని కొందరు స్నేహితులు ముక్కు విరిచారు. రాబోయే కష్టకాలంలో ఆయన్ని కాపాడింది ఆవిడే.

రెండో మునక

1928లో రబ్బరు, పత్తి, మొక్కజొన్న, తగరం ధరలు పెరుగుతాయని పెద్ద ఎత్తున కొన్నాడు. రబ్బరు ఉత్పత్తి మీద బ్రిటన్ పెట్టిన ఆంక్షలు ఎత్తేస్తామని ఆ ఏడాదే ప్రకటించడంతో ధర కూలింది. ఆ నష్టం పూడ్చడానికి మంచి షేర్లు అమ్ముకోవాల్సి వచ్చింది. 1929 ఆగస్టులో న్యూయార్క్ ఫెడ్ తన రేటుని 6 శాతానికి పెంచింది, సెప్టెంబరులో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ ఆరున్నరకి పెంచింది, అక్టోబరులో వాల్ స్ట్రీట్ కూలింది. ఆ పతనాన్ని కీన్స్ ముందుగా చూడలేదు. 1927 చివర 44,000 పౌండ్లున్న ఆయన ఆస్తి, 1929 చివరికి 7,815 పౌండ్లకి వచ్చింది. వయసు 46. ఈ పేజీ చదివేటప్పుడు నా వయసు కూడా ఇంచుమించు అంతే.

కీన్స్ మారింది ఇక్కడే. ఒక్క రోజులో కాదు, మూడు నాలుగేళ్ళలో. వ్యాపార చక్రాన్ని పసిగట్టడం తగ్గించి, ఒక్కో కంపెనీని పట్టుకుని చూడటం మొదలుపెట్టాడు. దీని దగ్గర ఏముంది, ఎవరు నడుపుతున్నారు, ఎంత సంపాదిస్తుంది, దానికి తగ్గ ధరలో దొరుకుతోందా? అలా ఎంచుకున్నవి కొన్నే. ఇంగ్లండ్‌లో ఆస్టిన్ మోటార్, దక్షిణాఫ్రికా గనుల్లో యూనియన్ కార్పొరేషన్, తర్వాత అమెరికాలో అందరూ వదిలేసిన కరెంటు కంపెనీల షేర్లు.

కాలం కూడా కలిసొచ్చింది, అది దాచకూడదు. 1931 సెప్టెంబరులో బ్రిటన్ బంగారం ముడి తెంచుకుంది. ఇక పౌండుని నిలబెట్టడానికి ఎత్తు వడ్డీలు అక్కర్లేదు. 1932 జూన్ 30న బ్యాంకు రేటు 2 శాతానికి దిగింది. అదే రోజు ప్రభుత్వం, 5 శాతం ఇస్తున్న యుద్ధకాలపు బాండ్లని మూడున్నర శాతానికి మారుస్తున్నట్టు ప్రకటించింది. సుమారు 200 కోట్ల పౌండ్ల అప్పు అది. పైన చెప్పిన లెక్క ఇప్పుడు తిరగేసి చూడండి. బాండ్ల విలువ పెరిగింది, షేర్లు పెరిగాయి, చౌక అప్పుతో ఇంగ్లండ్ నిండా కొత్త ఇళ్ళు లేచాయి. దక్షిణాఫ్రికా కూడా 1932 చివర్లో బంగారం ముడి వదిలేయడంతో అక్కడి గనుల షేర్లకి రెక్కలొచ్చాయి. 1936 చివరికి కీన్స్ ఆస్తి 5 లక్షల 6 వేల పౌండ్లు. ఏడేళ్ళలో దాదాపు 65 రెట్లు.

పాత అలవాటు పూర్తిగా పోయిందనుకోకండి. ఆ ఏడాదే గోధుమల ఒప్పందం ఒకటి బెడిసికొట్టి, నిజంగానే ఓడల కొద్దీ గోధుమలు దింపుకోవాల్సి వచ్చిందట. అవి కింగ్స్ కాలేజీ చర్చిలో పడతాయేమోనని లోపల కొలతలు వేశాడని కేంబ్రిడ్జిలో కథగా చెప్పుకుంటారు. అదే ఏడాది వేలంలో న్యూటన్ చేతిరాత ప్రతులు చాలా కొన్నాడు. 1720లో సౌత్ సీ కంపెనీ షేర్లలో న్యూటన్ కూడా బాగా పోగొట్టుకున్నాడు. గ్రహాల గమనం తెలిసినవాడికీ షేర్ల గమనం అందలేదు.

అందాల పోటీ

1936లోనే ఆయన ప్రసిద్ధ గ్రంథం, ఉద్యోగిత, వడ్డీ, ద్రవ్యం గురించిన సాధారణ సిద్ధాంతం వచ్చింది. మాంద్యంలో ప్రభుత్వం ఖర్చు పెట్టాలన్న వాదానికి ఆ పుస్తకం పేరుమోసింది గానీ, అందులో పన్నెండో అధ్యాయం మనలాంటి మదుపుదారుల కోసమే రాసినట్టుంటుంది. అందులో ఒక పోలిక ఉంది. పత్రికలో వంద మంది ముఖాలు అచ్చువేసి, ఆరు అందమైనవి ఎంచమంటారు. ఎక్కువమంది ఎంచినవాటికి దగ్గరగా ఎంచినవాళ్ళకి బహుమతి. అప్పుడు మీరు మీకు నచ్చిన ముఖం ఎంచరు. అందరికీ ఏది నచ్చుతుందో చూస్తారు. ఇంకా తెలివైనవాళ్ళు, అందరికీ ఏది నచ్చుతుందని అందరూ అనుకుంటున్నారో చూస్తారు.

మన పార్టీల ఫెడ్ చర్చ సరిగ్గా ఇదే. ఫెడ్ వడ్డీ తగ్గిస్తుందా అన్నది ప్రశ్న కాదు. తగ్గిస్తుందని ఎంతమంది ఇప్పటికే అనుకుని కొనేశారు అన్నది ప్రశ్న. అందుకే మంచి వార్త వచ్చిన రోజు మార్కెట్ పడుతుంది, చెడ్డ వార్త వచ్చిన రోజు లేస్తుంది. నా ప్రోగ్రాంలో నిరుద్యోగం ఉంది, ద్రవ్యోల్బణం ఉంది. అవతలివాడి మనసులో ఏముందో చెప్పే కాలమ్ మాత్రం లేదు. అది ఎవరి ప్రోగ్రాంలోనూ ఉండదు.

మూడో మునక

సిద్ధాంతం రాసిన ఏడాదిలోపే పరీక్ష ఎదురైంది. అమెరికాలో ధరలు పెరుగుతాయేమోనని ఫెడ్, 1936 ఆగస్టు నుంచి 1937 మే లోపు, బ్యాంకులు పక్కన పెట్టాల్సిన నిల్వల్ని మూడు విడతల్లో రెట్టింపు చేసింది. ప్రభుత్వం కూడా ఖర్చు బిగించింది. అప్పుడప్పుడే కోలుకుంటున్న ఆర్థిక వ్యవస్థ మళ్ళీ చతికిలబడింది. 1937 మార్చి నుంచి ఏడాదిలో డౌ జోన్స్ సూచీ దాదాపు సగమైంది. కీన్స్ అమెరికా షేర్లలో నిండా ఉన్నాడు, అదీ పెద్ద అప్పు మీద. 5 లక్షల 6 వేలున్న ఆస్తి 1938 చివరికి 1 లక్షా 81 వేలయింది.

అదే 1937 మేలో గుండె జబ్బుతో కుప్పకూలాడు. వేల్స్‌లో రూథిన్ కోట అనే ఆరోగ్యశాలలో నెలల తరబడి మంచం మీద ఉన్నాడు. లిడియా మందులు, తిండి, నిద్ర దగ్గరుండి చూసుకుంది, వచ్చేపోయేవాళ్ళని అదుపులో పెట్టింది. ఆయన ఛైర్మన్‌గా ఉన్న నేషనల్ మ్యూచువల్ అనే బీమా కంపెనీలో మిగతా డైరెక్టర్లు, పడుతున్న షేర్లని ఎందుకు వదిలించుకోలేదని నిలదీశారు. అందరూ అమ్ముతున్నప్పుడు తానూ అమ్మడం మదుపుదారుడి ధర్మం కాదని, పడుతున్న మార్కెట్లో నష్టాలు మోయడం కూడా అతని బాధ్యతేనని ఆయన జవాబు. 1938లో ఆ పదవి వదిలేశాడు.

ఆ మేలోనే కింగ్స్ కాలేజీకి ఒక నివేదిక రాశాడు. ఆయన రాసిన వేల పేజీల్లో నాకు అన్నిటికంటే విలువైనది ఆ కొద్ది పేజీలే. క్రెడిట్ సైక్లింగ్ తనకి కలిసిరాలేదని, మరెవరికీ కలిసొచ్చినట్టు చూడలేదని ఒప్పుకున్నాడు. దానికి బదులు మూడు సూత్రాలు పెట్టాడు. జాగ్రత్తగా పరిశీలించి, అసలు విలువ కంటే చౌకగా ఉన్న కొన్నిటినే ఎంచుకోవాలి. కొన్నాక కొన్నేళ్ళు, మంచి రోజులూ చెడ్డ రోజులూ దాటి, గట్టిగా పట్టుకోవాలి. ఒకటి పడితే ఇంకొకటి ఆదుకునేలా, ఎదురుబొదురు ప్రమాదాలు ఉన్నవి కలిపి పెట్టుకోవాలి. వడ్డీ రేట్ల శాస్త్రాన్నే తిరగరాసిన మనిషి, వడ్డీ రేట్లని జోస్యం చెప్పి డబ్బు సంపాదించలేనని 54 ఏళ్ళ వయసులో కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. నేను ఎనిమిది నెలలు ఇంట్లో చెప్పలేకపోయిన మాటని ఆయన తన కాలేజీ కమిటీకి రాసిచ్చాడు.

బ్రెటన్ వుడ్స్‌లో మన లెక్క

రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి ఆ జబ్బు మనిషి మళ్ళీ ఆర్థికశాఖలో ఉన్నాడు. 1941లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ డైరెక్టరయ్యాడు. యుద్ధానికి కావలసిన అప్పంతా ప్రభుత్వం 3 శాతం లోపే తెచ్చుకునేలా వడ్డీల్ని అణచి ఉంచడం వెనక ఆయన ఆలోచన ఉంది.

ఆ యుద్ధం ఖర్చులో మన వాటా చిన్నది కాదు. సైన్యానికి కావలసిన బట్ట, తిండి, సామాను భారతదేశం నుంచి తీసుకుని, బదులుగా లండన్‌లో పౌండ్ల పద్దు రాశారు. ఆ పద్దు చూపించి ఇక్కడ రూపాయి నోట్లు అచ్చువేశారు. సరుకు బయటికి పోయి నోట్లు లోపల పెరిగితే ఏమవుతుంది? ధరలు మండిపోయాయి. యుద్ధం రోజుల్లో బియ్యం, కిరసనాయిలు దొరకలేదని మా తాతమ్మ చెబుతుంటే అది యుద్ధం వల్ల అనుకునేవాణ్ణి. అందులో కొంత ఈ నోట్ల వల్ల అని ఈ చదువులోనే తెలిసింది. ద్రవ్య విధానం షేర్లు ఉన్నవాళ్ళనే కాదు, షేరంటే తెలియని వాళ్ళని ఇంకా గట్టిగా తాకుతుంది. అంబేడ్కర్ గారు 1923లో భయపడింది ఇందుకే.

యుద్ధం ముగిసేసరికి ఆ బాకీ సుమారు 130 కోట్ల పౌండ్లు. బ్రెటన్ వుడ్స్‌కి వచ్చిన భారత బృందంలో రిజర్వ్ బ్యాంకు తొలి భారతీయ గవర్నరు చింతామణి ద్వారకానాథ్ దేశ్‌ముఖ్ గారు ఉన్నారు. తర్వాత 1953లో మన రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి గారిని పెళ్ళాడి, 1982లో హైదరాబాదులో కన్నుమూసింది ఈయనే. ఆ బాకీ సంగతి కొత్త సంస్థ ద్వారా తేల్చమని మనవాళ్ళు అడిగారు. అది బ్రిటన్, భారత్ తమలో తాము తేల్చుకోవాల్సిన విషయమని కీన్స్ మర్యాదగానే తలుపు మూశాడు. ఆ బాకీలో కొంత మాఫీ చేయించుకోవాలన్నది తర్వాత ఆయన ఆలోచన. మనకి ఎంత ఇష్టమైన ఆర్థికవేత్త అయినా, ఆయన పనిచేసింది ఇంగ్లండ్ కోసం.

ఆ హోటల్లో తేలిన ఏర్పాటు ప్రకారం ఔన్సు బంగారం 35 డాలర్లు, మిగతా కరెన్సీలు డాలరుతో ముడి. 1971 ఆగస్టు 15న నిక్సన్ ఆ ముడి విప్పేశాడు. అప్పటినుంచి డాలరు వెనక బంగారం లేదు, ఫెడ్ మాట మాత్రమే ఉంది. మనం పార్టీల్లో ఫెడ్ గురించి ఇంతగా మాట్లాడుకోవడానికి మూలం అక్కడుంది.

చివరి లెక్క

యుద్ధం తర్వాత దివాళా అంచున ఉన్న ఇంగ్లండ్ కోసం వాషింగ్టన్ వచ్చి 375 కోట్ల డాలర్ల అప్పు ఒప్పించుకున్నాడు. ఆ ప్రయాణాలు గుండె తట్టుకోలేకపోయింది. 1946 ఏప్రిల్ 21న, ఈస్టర్ ఆదివారం, ససెక్స్‌లోని తన టిల్టన్ ఇంట్లో కన్నుమూశాడు. వయసు 62. కొడుకు సంస్మరణ ప్రార్థనకి ముసలి తల్లిదండ్రులిద్దరూ వెస్ట్‌మినిస్టర్ ఆబేకి వచ్చారు.

పోయేనాటికి ఆయన ఆస్తి, బొమ్మలు, పుస్తకాలతో కలిపి, సుమారు 4 లక్షల 80 వేల పౌండ్లు. 1920లో సుమారు 30,000 పౌండ్లున్న కాలేజీ చెస్ట్ నిధి 3 లక్షల 80 వేల దగ్గరికి చేరింది. వచ్చిన ఆదాయం కాలేజీ ఖర్చు పెట్టుకోగా మిగిలిన అసలు అది. మధ్యలో మహా మాంద్యం, ఒక ప్రపంచ యుద్ధం ఉన్నాయని మరిచిపోకూడదు. అందులో ఎక్కువ భాగం ఆయన జోస్యం మానేశాక వచ్చిందే.

కాబట్టి మా ఆవిడ ప్రశ్నకి జవాబు: అవును, బాగా సంపాదించాడు. తెలిసినదాన్ని పందెం కాయడం మానేశాక సంపాదించాడు. కేంద్ర బ్యాంకు మార్కెట్‌ని కదుపుతుందన్నది నిజం. ఎప్పుడు, ఎంత, ఎవరు ముందే ఊహించారు అన్నవి మనకి అందవు. అందేవి రెండే: ఎంత అప్పు చేశాం, ఎంతకాలం ఆగగలం.

నేను ఫైనాన్షియల్ అడ్వైజర్ని కాను, ఎవరికీ సలహా చెప్పే స్థితిలో అసలే లేను. మా ఇంట్లో ఏం చేశామో చెబుతాను. అయిదేళ్ళలోపు కావలసిన డబ్బు షేర్లలో లేదు. మిగతాది ప్రతి నెలా జీతంలోంచి దానంతటదే వెళ్తుంది, ఫెడ్ మీటింగు ఉన్నా లేకపోయినా. మార్జిన్ అకౌంటు మూసేశాను. పోయినదానిలో కొంత ఓవర్‌టైం కాంట్రాక్టు పనితో పూడ్చాను, మిగతాది మా అమ్మాయి దగ్గరలో ఉన్న స్టేట్ యూనివర్సిటీ ఎంచుకుని పూడ్చింది. అది తనకి నచ్చే ఎంచుకున్నానంది. నేను అడగలేదు.

ఈ వ్యాసం రాయడం పూర్తయ్యాక మా ఆవిడకి చదివి వినిపించాను. అంతా విని, మరి ఆ ఆదివారం ప్రోగ్రాం ఏమైంది అంది. ఉంది, తీసెయ్యలేదు అన్నాను. కీన్స్‌కి కూడా గోధుమలు ఉన్నాయిగా అని నవ్వి లోపలికి వెళ్ళింది.